బొట్టు పెట్టిన పుల్ల

వేలెడంత కానుగపుల్ల ఎంత బరువుంటాది? నన్నడిగితే అయిదు హార్స్ పవర్ మోటారు కంటే ఎక్కువే అంటాను. మోటారునైతే ఇద్దరం పట్టి బండి మీద నుంచి దించేస్తాము. ఈ పుల్లను మాత్రం ఏండ్ల తరబడి ఒక్కన్నే మోస్తా ఉండా. దించేదానికి ఇంకొకరిని పిలవాలంటే ముందు అదేందో చెప్పల్ల. చెప్పలేకనే గదా ఇన్నాళ్ళూ మోసింది.

ఇప్పుడు మీకు చెప్తాండా. మీరెవురో నాకు తెలీదు, నేనెవురో మీకు తెలీదు. ఆ మాత్రం మరుగు ఉంటే గానీ నాకు నోరు పెగలదు. నోరు పెగలదు అని నా గురించి ఈ ఊర్లో ఎవురన్నా అంటే జనం నవ్వుతారు. అనంతపురంలో మోటార్ల అంగళ్ళ వరసలోకొచ్చి "ఆ వాగుడుకాయ వైండింగు షాపు యాడ?" అని అడగండి, చెయ్యి పట్టుకొని తెచ్చి వదిలిపెడతారు. ఎనిమిదో తరగతిలో అయ్యవారు నన్ను బయట నిలబెట్టింది కూడా ఈ నోటి మూలానే. ఆయప్ప పాఠం చెప్తాంటే నేను వెనక బెంచీలో ఆయప్ప గొంతుతోనే ఇంకో పాఠం చెప్తాంటి. బయటికి పొమ్మన్నాడు. పోయినాను. మళ్ళా లోపలికి రమ్మన్నాడు గానీ, అప్పటికే నేను శానా దూరం పోయింటి.

మొన్న ఒకటి జరిగింది. అది జరక్కపోతే ఇది రాసేటోన్ని కాదేమో. నా దుకాణం పక్కన టైలరు టీవీ కొనేదానికి పోతా నన్ను తోడు పిలుచుకొని పోయినాడు. అంగట్లో పిల్లోడు టీవీని పసిబిడ్డ మొగం తుడిచినట్లు తుడిచి, కంపెనీ ఏడాది గ్యారంటీ ఇస్తాది, ఇంకొంచెం కడితే మేము ఇంకో రెండేండ్లు ఇస్తాము, కార్డు రాసేదా అని అడిగినాడు. టైలరు నా పక్క తిరిగినాడు.

"నువ్వు చెప్పన్నా. తీసుకోవల్లనా, వద్దా? గ్యారంటీ కార్డులు అమ్మకుండా దుకాణం నడిపేటోనివి ఈ బజార్లో నువ్వొక్కనివే. నువ్వైతే అబద్ధం చెప్పవు."

టీవీకి ఎందుకప్పా గ్యారంటీ, కరెంటుకు ఎవురన్నా ఇస్తామంటే అది తీసుకో అని చెప్పి, అందర్నీ నవ్విచ్చి, బీడీ తాగే సాకుతో బయట పడినా. బీడీ ముట్టించలేదు. నేను కార్డులు అమ్మనిది నిజాయితీతో కాదు. భయంతో. ఆ భయానికి ఒక మొగం ఉండాది, ఒక పేరు ఉండాది. ఓబులక్క.

డెబ్బైల చివర నేనొక పెద్ద మోటార్ల దుకాణంలో పని చేస్తాంటి. అమ్మేదీ నేనే, పల్లెలకు పోయి బిగించేదీ నేనే. ఊర్లకు అప్పుడప్పుడే కరెంటు స్తంభాలు వస్తాండిన కాలం. వానలు ఎట్లాగూ రావు, వచ్చే కరెంటన్నా పట్టుకుందామని రైతులు బావి నీళ్ళు తోడే కపిలకు కట్టే ఎద్దుల్ని అమ్మి బావుల మీదికి మోటార్లు కొంటాండిరి. కంపెనీ ఏడాది గ్యారంటీ ఇస్తాండె. మా సావుకారు దాని మీద ఇంకో రెండేండ్లకు సొంతంగా ఒక కార్డు అచ్చేయించినాడు. రోంత దుడ్లు ఎక్కువ కడితే, ఆ రెండేండ్లలో మోటారు లోపల తీగ కాయిలు కాలినా మేమే ఊరికే మళ్ళా చుట్టిస్తాము. పసుపుపచ్చ కార్డు. కింద చీమల బారు మాదిరి షరతులు.

ఆ కార్డు అమ్మేదాంట్లో నన్ను మించినోడు లేడు. నాకు పిల్లనిచ్చిన మామ కూడా ఇన్నేండ్ల గ్యారంటీ ఇయ్యలేదు అని మొదలుపెట్టేది. షరతులు ఏముండాయి చదువు అని ఎవురన్నా అడిగితే, పెండ్లి మంత్రాల రాగంలో ఊపిరి తిప్పుకోకుండా చదివి, చివర అక్షింతలు ఏసినట్లు మోటారు మీదికి చెయ్యి విదిలించేది. అంగడంతా పడి పడి నవ్వేది. నవ్వే మనిషికి షరతు చెవికెక్కదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ రాగం పట్టినాను.

ఓబులక్క వచ్చింది అట్లాంటి ఒక పొద్దు. గార్లదిన్నె అవతల పల్లె. మొగుడు ఏడాదిలో శానా భాగం గొర్రెల మందతో మేపుకు పోతాడు. సేద్యం ఈమె చూసుకుంటాది. ముందటేడు చీనీ, అదే బత్తాయి మొక్కలు నాటినారు, కపిల నీళ్ళు అన్నిటికీ అందలేదు, ఎద్దుల్ని అమ్మేసి వచ్చింది. మోటారు బేరం తొందరగానే తెగింది. కార్డు కాడికొచ్చేసరికి నిలబడిపోయింది. నేను మామ జోకు ఏసినా. మంత్రాలు చదివినా. అందరితో పాటు తనూ నవ్వింది. నవ్వి, మంత్రాలు బాగుండాయప్పా, వీటికి అర్థం చెప్పే అయ్యవారు యాడుండాడు అని అడిగింది.

అట్లా అడిగినోళ్ళు అంతవరకూ ఎవురూ లేరు.

తర్వాత ఒకటొకటి అడిగింది. మోటారు దేంతో కాలతాది? కరెంటు తక్కువొస్తే. కార్డుంటే బాగు చేసిస్తారా? చేసిస్తాము. మా తప్పుతో కాలితే? అప్పుడు చెయ్యము. అయితే కాలింది కరెంటుతోనా, మా తప్పుతోనా అని చూసి చెప్పేది ఎవురు? నేనే అక్కా, అన్నాను.

"అమ్మేదీ నువ్వే, బిగించేదీ నువ్వే, కాలినాక పంచాయితీ చెప్పేదీ నువ్వేనా? మా ఊరి రెడ్డికి కూడా ఇన్ని పనులు లేవప్పా."

అంగడంతా నవ్వింది. ఆ దుకాణంలో నేను నవ్విచ్చకుండా జనం నవ్వింది అదే మొదటిసారి. నాకు రోషం రావల్ల. రాలేదు. నా అంతటోళ్ళు ఇంకొకరు దొరికినారని సంబరమైంది. బడిలో లెక్క తప్పు చేసినా ఎవురూ పట్టుకోకపోతే ఒక రకం దిగులు ఉంటాది చూడండి, ఆ దిగులు తీరినట్లయింది.

ఆమె మెట్ల మీదికి పోయి కూర్చొని ఆకూ వక్కా నోట్లో పెట్టుకొని ఆలోచన చేసింది. నేను పోయి పక్కన నిలబడినా. అమ్మకం పోతాదని కాదు, ఏం ఆలోచిస్తాందో వినాలని. ఆమె గొర్రెల లెక్క చెప్పింది. వాళ్ళు గొర్రెను కొనేటప్పుడు గొర్రెను ఒకసారి చూస్తే అమ్మేటోన్ని రెండుసార్లు చూస్తారంట. పండ్లు చూసి ఈడు చెప్పొచ్చు, నడుము పట్టి కండ చెప్పొచ్చు, రేపు దానికి జబ్బు చేస్తే మాత్రం గొర్రె మాట్లాడదు. అమ్మినోడు వచ్చి ఎదురుగా నిలబడతాడా, మందలోకి దూరి దాక్కుంటాడా? కొనేటప్పుడు తెలుసుకోవాల్సింది అదొక్కటేనంట. ఏండ్లు ఎన్ని అనేది ఊరికే మాట.

ఈ మాట నేను తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నానో. గ్యారంటీ కొనాల్నా వద్దా అని నన్నడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాల్సిన మాట అదే. చెప్పలేదు. చెప్తే తర్వాతి కథ కూడా చెప్పల్ల గదా.

ఆకు ఉమ్మి లేసింది. "నాకు చదవను రాదు. నేను కొనేది ఈ కార్డు గాదు, నీ నోరు. ఆ పొద్దు వస్తే నా పక్కన మాట్లాడల్ల."

"నా నోటికి ఏండ్ల లెక్క లేదక్కా. చచ్చేదాకా గ్యారంటీ," అన్నాను.

ఎంత సులభంగా అన్నానో.

మోటారు బిగించేదానికి పోయిన పొద్దు బావి కాడికి ఊరు ఊరే వచ్చింది. ఆ పక్క అది తొలి మోటార్లలో ఒకటి. టెంకాయ కొట్టినారు, దారం కట్టినారు. నేను స్టార్టరు నొక్కినా. మోటారు గుర్రుమనింది, స్టార్టరు ఠక్కున పడిపోయింది. మళ్ళా నొక్కినా. మళ్ళా పడింది. కరెంటు తక్కువొస్తాంది. స్టార్టరు పని అదే. కరెంటు చాలనప్పుడు మీట దానంతట అదే పడిపోయి, మోటారును ఆపి, కాలకుండా కాపాడతాది. కరెంటు బాగైందాకా కూర్చోవల్ల. అంతే.

ఆ మాట ఆ జనానికి చెప్పుంటే అయిపోయేది. చెప్పేలోపల ఎవరో ముసలాయన, అనంతపురం మోటారు మన ఊరికొచ్చి కొత్త పెండ్లికూతురు మాదిరి సిగ్గుపడతాంది అన్నాడు. ఇంకొకడు, మోటారు గాదు, ఫిట్టరు సిగ్గుపడతాండాడు అన్నాడు. నవ్వులు. అందర్నీ నవ్విచ్చేటోన్ని, నన్ను చూసి నవ్వితే తట్టుకోలేకపోయినా. బావి గట్టున కానుగచెట్టు. ఒక పుల్ల విరిచి, స్టార్టరు నొక్కిపట్టి, అది పడకుండా సందులో దోపినా. మోటారు పట్టుకునింది. గొట్టంలో నుంచి నీళ్ళు దూకినాయి.

పుల్ల పెట్టకూడదని నాకు తెలుసు. షరతుల్లో రాసినారు. నేను రాగం తీసి చదివిన షరతుల్లోనే అదీ ఉండాది. ముందటేడు పుల్ల పెట్టినాడని ఒక ఫిట్టరును మా సావుకారు ఆ పూటే పంపించేసినాడు కూడా. అన్నీ తెలుసు.

జనం నీళ్ళ చుట్టూ మూగితే, ఓబులక్క ఒక్కతే స్టార్టరు కాడికొచ్చింది. ఆ పుల్లను వంగి చూసింది. ఇది ఉంటే కార్డుకేమీ అడ్డం గాదు గదా అని అడిగింది. చూడండి, అడిగింది. నేను పెట్టిందే గదక్కా, నాకు నేనే అడ్డమా, తీయొద్దు, తీస్తే నీళ్ళు రావు అన్నాను. ఆమె తల ఊపింది. బిగించినోడు పెట్టింది ఏదైనా సరే, అదీ మోటారులో భాగమే అనుకునింది. ఆ లెక్కలో తప్పేముంది? తర్వాత కాలవలో పారే నీళ్ళను దోసిట్లో పట్టి తెచ్చి, ఇంట్లోవాళ్ళెవరూ తాగకముందే నా దోసిట్లో పోసింది. బిగించినోడు ముందు తాగల్లంట. ఆ మధ్యాన్నం సంగటి, ఊరిబిండి పెట్టింది. నేను లొట్టలేసుకుంటా తిన్నా. వచ్చేటప్పుడు పుల్ల తీసేసి రావచ్చు. మరిచిపోలేదు. తీస్తే మళ్ళా పడతాది, మళ్ళా నవ్వుతారు.

దసరా అయినాక ఒకసారి ఆ దోవన పోతా చూసినా. స్టార్టరు పెట్టెకు పసుపు, కుంకుమ. లోపల నా పుల్లకు కూడా బొట్టు. ఆయుధపూజ రోజు ఆమె దేన్నీ వదిలిపెట్టలేదు. పుల్లను అప్పుడన్నా తీయొచ్చు. నేను చేసిన పని ఏందంటే, ఊరికొచ్చి టీ అంగట్లో ఆ కథ చెప్పడం. పుల్లకు బొట్టు పెట్టి పూజ చేసినారప్పా అని. ఎంత బాగా చెప్పినానంటే ఒకడు టీ గ్లాసు వదిలేసినాడు. పుల్ల పెట్టింది ఎవురో మాత్రం చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం. కంపెనీవాళ్ళ ఏడాది అయిపోయి మా కార్డు మొదలైన కాలం. ఒక పొద్దున ఆమె బాడుగబండి మీద మోటారు ఏసుకొని వచ్చింది. కాలిన వాసన బండి కంటే ముందొచ్చింది. లేతచెట్లు ఇంకా నిలదొక్కుకోకముందే కరెంటు ఎట్లెట్లనో వచ్చిందంట, మోటారు పొగ చిమ్మి ఆగిపోయిందంట. ఎద్దుల్ని అమ్మేసినారు, కపిల లేదు. చెట్లు నీళ్ళకు కాచుకోనుండాయి. ఆమె మొగంలో మాత్రం కంగారు లేదు. కార్డుండాది. నేనుండాను.

దుకాణంలో నలుగురైదుగురు రైతులు, గద్దె మీద సావుకారు. ఆమె పాత చీరగుడ్డ మూట విప్పింది. స్టార్టరు పెట్టె తీసి పెట్టింది. మడత నలగని పసుపు కార్డు పెట్టింది. చివరకు పుల్ల తీసి పెట్టింది. బొట్టు ఇంకా ఉండాది, ఎండిపోయి నల్లగైంది.

"మీరిచ్చిందంతా తెచ్చినా సావుకారూ. ఒక్కటి కూడా పోగొట్టలేదు."

సావుకారు పుల్లను రెండేళ్ళతో ఎత్తి పట్టుకొని చూసినాడు. పొట్ట పట్టుకొని నవ్వినాడు. రైతులు నవ్విరి. అందరూ వాళ్ళ వాళ్ళ బావుల కాడ పుల్లలు పెట్టినోళ్ళే, అయినా నవ్విరి. పుల్లకు పూజ కూడానా అని. నేను టీ అంగట్లో కట్టిన జోకే అది. మళ్ళా నా ఎదురుగా నిలబడింది. తర్వాత సావుకారు కార్డు తీసి ఆ షరతు చదివినాడు. రాగం లేకుండా, నిదానంగా, మాట మాట విడదీసి. స్టార్టరులో పుల్లలు గానీ, రాళ్ళు గానీ, తాళ్ళు గానీ పెట్టినచో. నేను వందసార్లు చదివిన వాక్యం. మొదటిసారి విన్నాను.

సావుకారు చెడ్డోడు కాదు. అది చెప్పల్ల. ఆయన నవ్వు ఆపి మెల్లగానే అడిగినాడు. "ఇది పెట్టమని ఎవురు చెప్పినారమ్మా?"

ఓబులక్క నా పక్క చూసింది.

ఆమెకు అప్పటికే అర్థమైపోయింది. ఆ మనిషికి ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని లేదు. పుల్ల అంటే ఏందో, కార్డు అంటే ఏందో, నేనంటే ఏందో, అంతా ఆ నవ్వుల్లోనే తెలిసిపోయింది. అయినా చూసింది. నా వంతు అని చూసింది. ఆమె కొన్నది ఆ ఒక్క క్షణం. కార్డంతా దానికోసమే. నా చేతిలో స్పానరు ఉన్నింది. ముందర ఒక పంపు ఉన్నింది. దానికి ఒక నట్టు. నేను ఆ నట్టు బిగిస్తా ఉండా. అది ఎప్పుడో బిగిసిపోయింది. ఇంకా బిగిస్తా ఉండా. పుట్టిన కాడ్నుంచి వాగుతా ఉండే నోరు. అయ్యవారి ముందు ఆగని నోరు, మామ ముందు ఆగని నోరు. అది మూసుకుపోయింది.

"కరెంటు చెప్పింది సావుకారూ," అనింది ఓబులక్క. "చెప్పింది గదాని పెట్టినా."

మళ్ళా నవ్వులు. సావుకారు కూడా. ఆమె నవ్వలేదు, ఏడ్వనూ లేదు. చుట్టేదానికి ఎంతవుతాదో అడిగింది. బజారుకు పోయి, వచ్చింది. వచ్చినప్పుడు కాళ్ళకు కడియాలు లేవు. మోటారు అప్పజెప్పి మెట్లు దిగతా నా కాడ ఆగింది. గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్లు అడిగింది.

"ఏమప్పా, నీ నోటికి గ్యారంటీ అయిపోయిందా?"

నేను మళ్ళా ఆ నట్టు పక్క తిరిగినా.

సావుకారు ముందర ఎందుకు మాట్లాడలేదు? శానా ఏండ్లు నాకు నేను చెప్పుకున్న జవాబు, పని పోతాదని. అది అబద్ధం కాదు గానీ, నిజం కూడా కాదు. పని పోతే ఇంకో దుకాణం. నా నోటికి పని దొరక్కపోవడం ఏంది? అసలు సంగతి ఆ నవ్వు. పుల్ల నేనే పెట్టినా అంటే, ఆ నవ్వు మొత్తం నా పక్కకు తిరుగుతాది. నేను కట్టిన జోకులో నేనే పడతాను. అది తట్టుకోలేక, రెండెకరాల చీనీ తోటను ఎండకు ఇడిచిపెట్టినా. నవ్వుకు భయపడి. ఇంత చిన్న కారణానికి అంత పెద్ద తప్పు చేస్తారా అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతాండా. పెద్ద కారణం ఉంటే రోంత ఊరట ఉండేదేమో.

ఇంకో మాట కూడా ఉండాది. అదీ చెప్పేస్తాను. ఆ ఎండాకాలం కాలిన మోటార్లు దుకాణం నిండా వరసకట్టినాయి. ఆమె మోటారును ముందుకు జరపమని చుట్టేటోన్ని నేను అడగొచ్చు. ఎందుకని అడుగుతాడేమోనని అడగలేదు. అది దాని వంతు వచ్చిందాకా అక్కడే పడుండె. పొద్దున్నే దుకాణం తెరిస్తే మొదట కండ్లబడేది అదే.

ఒక ఆదివారం బస్సెక్కి ఆ ఊరికి పోయినా. చెప్పేద్దామని పోయినా. తోటకు కిత్తనార ముండ్ల కంచె ఉన్నింది. దాని వెనకనే నిలబడిపోయినా. కంచె దాటేదానికి కాళ్ళు రాలేదు.

అక్కడ చూసింది మీకు ఎట్ల చెప్పేది. ఆమె బావిలో నుంచి బొక్కెనతో తోడతాంది, కడవ నెత్తిన పెట్టుకొని పోతాంది, చెట్టు పాదిలో పోస్తాంది, మళ్ళా బావి కాడికి. ఒక్కతే. కొన్ని చెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టి ఉండాయి. రోంతసేపు చూస్తే తెలిసింది. పీలిక ఉండే చెట్లకే నీళ్ళు. అన్నిటికీ పోస్తే ఏదీ బతకదు. ఏవి బతకల్లనో, ఏవి పోవల్లనో ముందే తీర్మానం చేసి పెట్టుకునింది. మనమైతే ఏం చేస్తాము? అన్నిటికీ తలా కొంచెం పోసి, అన్నిటినీ ఎండబెట్టి, దేవుణ్ణి తిడతాము. నేనైతే అంతే.

ఒకసారి కడవతో నేనుండే పక్కకొచ్చింది. దోవలో పీలిక లేని చెట్టు ఒకటి, ఆకులు ముడుచుకొని. దాని కాడ ఆగి ఒక చేత్తో కొమ్మ పట్టుకునింది. పక్కింటి మనిషితో మాట్లాడినట్లు మాట్లాడింది.

"కాచుకోవద్దు. నీకు రావు. నీకెందుకు అబద్ధం చెప్పేది."

నీళ్ళు పక్క చెట్టుకు పోసి వెళ్ళిపోయింది.

చెట్టుకు కూడా అబద్ధం చెప్పలేదు. ఆ మాట నా చెవిలో పడినాక కంచె దాటడం ఇంక నా వల్ల కాలేదు. తిరిగి బస్సు కాడికి నడిచినా. కిత్తనార ముల్లు చేతికి గీసుకొని రక్తం వచ్చింది. కండక్టరు ఏమైందని అడిగితే, ఆడమనిషి గీరింది అని చెప్పి బస్సంతా నవ్విచ్చినా. చూసినారా? అప్పుడు కూడా.

తర్వాత కాలంలో సావుకారు చనిపోయినాడు. కొడుకులు దుకాణం ఎత్తేసినారు. నేను చిన్న వైండింగు షాపు పెట్టుకున్నా. కార్డులు అమ్మనని మొదటి రోజే అనుకున్నా. అడిగినోళ్ళకు, నా పనికి నేనే గ్యారంటీ ఇచ్చుకోను, ఇంక మీకేమిస్తాను అని నవ్వేస్తా. నిజాయితీపరుడు అని పేరు పడింది. ఎవురన్నా ఆ మాట అన్నప్పుడల్లా చెంపదెబ్బ తగిలినట్లుంటాది. ఎవురికీ కనపడదు, అంతే.

పోయినేడు ఓబులక్క నా దుకాణం ముందర దిగింది. చేతిలో సంచి, దాన్నిండా చీనీకాయలు. ఆ తోట కాయలే. ఎర్రపీలికల చెట్లు. బోరు వేయించినాము, కొత్త మోటారు కావల్ల, నువ్వే చూసి ఇప్పించల్ల, నువ్వే బిగించల్ల అనింది. జుట్టు నెరిసింది. చూపు మాత్రం ఆ చూపే. మోటార్లు అమ్మే ఒక దుకాణానికి పిలుచుకొని పోయినా. అక్కడి పిల్లోడు మోటారు చూపించి, అమ్మా, ఇంకో రెండేండ్లకు కార్డు రాసేదా అన్నాడు. నేను తల వంచుకున్నా.

"కార్డెందుకప్పా," అనింది ఆమె. "ఈయప్ప ఉండాడు గదా."

అది ఎత్తిపొడుపా, నమ్మకమా? ఆ పొద్దు నుంచి తిప్పి తిప్పి చూస్తాండా. రెండు పక్కలా ఒకటే మాదిరి కనపడతాది.

బిగించేదానికి పోయినా. స్టార్టరు నొక్కినా. ఠక్కున పడింది. కరెంటు ఇప్పటికీ అంతే మా పల్లెల్లో. నేను చేతులు ముడుచుకొని నిలబడినా. ఆమె నా చేతుల పక్క ఒకసారి చూసి, పడనీ, లేసేటప్పుడు అదే లేస్తాది అని చెట్టు నీడకు పిలిచింది. కూర్చున్నాము. తలకాడ ఒక కొమ్మకు ఆ పాత పీలిక ముక్క ఇంకా ఉండాది, రంగు పోయి చెట్టు బెరడులో సగం కలిసిపోయి. ఆమె కాయ ఒలస్తాంది. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?

"అక్కా, ఆ పొద్దు సావుకారు అడిగినప్పుడు..."

ఆమె తల ఎత్తలేదు. "నాకెందుకప్పా చెప్పేది. నాకు తెలిసిందే గదా. తెలీనోళ్ళకు చెప్పల్ల."

ఒలిచిన కాయలో సగం నా చేతిలో పెట్టింది. పోనీలే అనలేదు. మరిచిపోయినా అనలేదు. నేను తిన్నా. కరెంటు బాగైంది, స్టార్టరు పట్టుకునింది, బోరులో నుంచి మొదటి నీళ్ళు వచ్చినాయి. ఈసారి ఆమె దోసిట్లో పట్టి నా కాడికి తేలేదు. నేరుగా కాలవలోకి వదిలింది.

టైలరు టీవీ తెచ్చుకున్నాడు. కార్డు తీసుకున్నాడో లేదో నేను అడగలేదు. ఆయన ఇంకా నన్ను నిజాయితీపరుడు అనే అనుకుంటాండాడు. ఈ సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు ఆయనకు చెప్తాను. చెప్పగలనని ఇది రాస్తాంటే అనిపిస్తాంది. చెప్పలేకపోతే మీకైనా తెలుసు గదా, అది మొదలు.

సావుకారు లేడు. ఆ పొద్దు నవ్విన రైతులు యాడుండారో తెలీదు. ఆ ప్రశ్న మాత్రం ఆ అంగట్లోనే గాల్లో నిలబడిపోయింది, ఎవురూ దించలేదు. ఇది పెట్టమని ఎవురు చెప్పినారు?

నేనే చెప్పినా, సావుకారూ. విరిచింది నేనే, దోపింది నేనే, తీయొద్దని చెప్పింది నేనే. బిగిసిన నట్టును బిగిస్తా తల వంచుకున్నోన్ని కూడా నేనే.